ఊరు విడిచినవానికే ఊరి పేరు

మనుష్యుడు తాను సంపాదింపకయే అనుభవించు సొత్తులలో ఇంటిపేరు మొదటిది. రూపము, భాష, కలిమి, లేమి తలిదండ్రులనుండి వచ్చునవే యైనను, వానిని మనము కొంతవఱకు మార్చుకొందుము, పెంచుకొందుము, లేదా పోగొట్టుకొందుము. ఇంటిపేరును మాత్రము చేతికి వచ్చినది వచ్చినట్లే పుచ్చుకొని, విప్పి చూడకయే బిడ్డల కప్పగింతుము. దాని యర్థమేమి, అది ఎప్పుడు వచ్చినది, ఎవరు పెట్టిరి అని అడిగినవారు పదిండ్లలో ఒక యింట నుండిన గొప్ప.

ఈ విషయమును నేను శ్రద్ధగా విచారింపవలసి వచ్చినది మా చెల్లెలి కూతురు వ్రాసిన జాబు వలన. ఆ పిల్లయు, ఆమె భర్తయు జర్మనీ దేశమున ఉత్తరపు కొనను కీల్ అను ఓడరేవు పట్టణములో ఉద్యోగములు చేసికొనుచున్నారు. వచ్చు కార్తికమాసమునకు తొలిచూలు బిడ్డ పుట్టవలసి యున్నది. అచ్చటి జనన రిజిస్ట్రారు బిడ్డకు పెట్టిన పేరొకటి, కుటుంబపు పేరొకటి వేఱువేఱుగా అడుగును. మా అల్లుని చదువు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క పొడి యక్షరముగా నిలిచిపోయినది. పాసుపోర్టులో ఇంటిపేరుండవలసిన గడిలో ఆతని సొంత పేరే పడినది. "కాబట్టి మామయ్యా, ఇచ్చటివారి లెక్కకు మీ అల్లుని పేరే మా వంశనామము. రేపు పుట్టబోవు బిడ్డకు, దాని బిడ్డలకు గూడ అదియే. మా అత్తగారు తమ యింటిపేరు నిలువవలసినదే యని పట్టుపట్టినారు. అమ్మ యేమో, ఆడపిల్ల పుట్టినది మాత్రము ఇంటిలో కాదా యని అడుగుచున్నది. మీరు ముప్పది యేండ్లు తెలుగు చెప్పినవారు. ఇంటిపేరనగా నేమో నాకు తేల్చి వ్రాయుడు" అని ఆ పిల్ల వ్రాసినది.

మాట చిన్నదిగా కనబడును గాని, దీనిలో రెండు కుటుంబముల అభిమానము, ఒక ఆడుదాని గౌరవము, పుట్టబోవు ప్రాణి బ్రతుకంతయు మోయవలసిన గుర్తు ఇమిడియున్నవి. వెంటనే ప్రత్యుత్తర మీయక, కొన్నాళ్లు నేను తిరుగు వీధులనే అడిగి చూచితిని.

నా నివాసము నాంపల్లి. సాయంకాలము నడచునది అబిడ్సు వఱకు. ఈ రెండు పేరులలోనే నామశాస్త్ర మంతయు దాగియున్నది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఆల్బర్టు అబిద్ అను ఆర్మీనియా దేశీయుడు ఉండెను. ఆతడు ఇచ్చట నొక అంగడి పెట్టెను. అంగడి పోయినది, యజమాని పోయెను. "అబిద్ గారిది" అను అర్థమిచ్చు ఇంగ్లీషు షష్ఠీవిభక్తి ప్రత్యయము, ఆ చివరి సకారము, మాత్రము వీధికి అంటుకొని నిలిచినది. మన యాటోవాడు "అబిడ్స్, అబిడ్స్" అని కేక వేయునపుడు, ఎప్పుడో మరణించిన యొక మనుష్యుని సొత్తును చాటుచున్నాడని వానికి తెలియదు, ఎక్కువారికిని తెలియదు.

నాంపల్లి సంగతి మఱియొకటి. అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు దివానొకనికి నేక్‌నామ్ ఖాన్ అను బిరుదముండెననియు, ఆతని పేర వెలసిన నేక్‌నామ్‌పల్లియే నాంపల్లి యైనదనియు చెప్పుదురు. పారసీకమున నేక్‌నామ్ అనగా మంచి పేరు గలవాడు. ఈ కథ నిజమైనచో మా వాడకు "పేరుపల్లె" యని అర్థము చెప్పవచ్చును. కాని నల్లగొండ జిల్లాలో నొక నాంపల్లి కలదు. వేములవాడ చెంత గుట్టమీద నరసింహస్వామి వెలసిన నాంపల్లి మఱియొకటి కలదు. వాని కన్నిటికి ఒక్క దివాను చాలడు గదా! తెలుగువారిలో నాంపల్లి యింటిపేరు గలవారును ఉన్నారు. వారి పూర్వులది ఏ నాంపల్లియో పేరును బట్టి చెప్పుట సాధ్యము కాదు.

ఇచ్చట నాకొక సంగతి తోచినది. నాంపల్లిలో ఉన్నంతకాలము ఎవనిని నాంపల్లివాడని పిలువరు. ఊరివారందఱును నాంపల్లివారే యైనపుడు ఆ మాటకు పని లేదు. వాడు పొరుగూరు పోయి కాపురము పెట్టిన పిదప, అచ్చటివారు వానిని గుర్తించుటకై "నాంపల్లివాడు" అందురు. కావున ఊరి పేరు ఇంటిపేరుగా గలవారందఱు ఎప్పుడో ఆ యూరు విడిచినవారి సంతతివారే. కందుకూరి వీరేశలింగము గారిది రాజమహేంద్రవరము. కందుకూరు వారి పూర్వుల యూరు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణిలో పుట్టెను. నెల్లూరి సీమలోని సర్వేపల్లి పూర్వులు విడిచివచ్చిన గ్రామము. హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావు గారి వంశమువారి మొదటి యింటిపేరు పుల్లంరాజువారు. బూర్గుల వారి గ్రామము. ఊరి పేరు ఇంటిపేరును త్రోసి తానే కూర్చుండెను. ఇంటిపేరు స్థిరమని, అనాదియని వాదించువారు ఈ యొక్క నిదర్శనమును తలచుకొందురు గాక.

మా పిల్ల కాపురమున్న సీమకు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అని పేరు. పదునొకండవ శతాబ్దమున బ్రెమెన్ పట్టణపు ఆదాము అను చరిత్రకారుడు, అచ్చటి జనులు తాము నివసించు అడవులను బట్టి ఆ పేరు పొందిరని వ్రాసెను. హోల్ట్ అనగా అడవి. అడవిలో కాపురమున్నవారు హోల్‌స్టులు. ఆ నేలను విడిచి ఉత్తరమున డెన్మార్కునకో, తూర్పున బాల్టికు సముద్రతీరమునకో పోయినవానికి హోల్‌స్ట్ అని యింటిపేరు వచ్చినది. 1864 వఱకు డెన్మార్కు రాజే హోల్‌స్టైనునకు ప్రభువు గనుక, ఈ పేరు నేటికిని జర్మనీలోను, డెన్మార్కులోను వేలకొలది యిండ్లలో వినవచ్చును. మనవారిలో అడివి బాపిరాజు గారుండిరి. 1940 దశకమున మన హైదరాబాదులోనే మీజాను పత్రికకు సంపాదకులుగా నుండిరి. వారి యింటిపేరును హోల్‌స్టుల యింటిపేరును అర్థమున అన్నదమ్ములు. ఒకరి నొకరు ఎఱుగని రెండు జాతులు ఒకే విధముగా ఆలోచించినవి.

ఈ హోల్‌స్టులలో ఒకని కథ నాకు అబిడ్సు కాలిబాట మీదనే దొరకినది. ఆదివారము నాడు అంగళ్లు మూసియుండగా వాని ముందు పాతపుస్తకములవారు గోనెలు పఱతురు గదా. అందు సంగీతమును గూర్చిన అట్ట చిరిగిన పుస్తకములో గుస్తావ్ హోల్‌స్ట్ అను ఆంగ్ల సంగీతకర్త చరిత్ర చదివితిని. ఆతడు 1874లో పుట్టి 1934లో మరణించెను. లండనులో సంస్కృతము నేర్చి, ఋగ్వేదసూక్తములను తానే తర్జుమా చేసికొని బాణీలు కట్టెను. మహాభారతమునుండి కథ గ్రహించి 1908లో సావిత్రి యను గేయనాటకము రచించెను. ఆతని ముత్తాత రీగా పట్టణమునుండి ఇంగ్లండునకు వచ్చినవాడు. తాత హార్పు అను తంత్రీవాద్యము నేర్పుచు, గొప్పింటివారు శిష్యులుగా దొరకుదురను ఆశతో పేరు ముందు "ఫన్" అను ప్రభుచిహ్నమును తానే తగిలించుకొనెను. మనుమని కాలమునకు జర్మనులతో యుద్ధము వచ్చినది. ఆ చిహ్నమే అనుమానమునకు కారణమై, 1918లో దానిని చట్టరీత్యా తీసివేసెను. తాత గౌరవము కొఱకు తగిలించినది మనుమనికి బరువైనది. పేరులోని ఘనత ఎంతవఱకు రక్తములోనిదో, ఎంతవఱకు అవసరములోనిదో దీనివలన తెలియును.

ఊరి పేరులు గాక తండ్రి పేరులు గూడ ఆ దేశములందు ఇంటిపేరులైనవి. పూర్వము డెన్మార్కులో హాన్సు కుమారుడు పేటర్ అయినచో పేటర్ హాన్సెన్ అనెడివారు. ఆ పేటరు కుమారుడు జెన్సు పేటర్సెన్ అగును. తరమునకొక పేరు. కూతురైనచో "డాటర్" అని, అనగా ఫలానివాని కూతురని చేర్చెడివారు. ఉత్తర జర్మనీలో పేటర్స్, హిన్రిక్స్ అని యూరకే షష్ఠీ ప్రత్యయము పెట్టి విడిచిరి; మన అబిడ్సు వంటిదే. రాజులకు పన్నులు, సైన్యము, వారసత్వపు దావాలు పెరిగిన కొలది ఈ మాఱుచుండు పేరులు తలనొప్పి యైనవి. ష్లెస్విగులో 1771లోను, డెన్మార్కులో 1828లోను స్థిరమైన కుటుంబనామము ఉండవలెనని ఆజ్ఞలు వెలువడినవి. నెపోలియను 1811లో ప్రాచ్య ఫ్రీసియావారికిని అట్లే చేసెను. జనులు కొత్త పేరులు వెదకుకొనక, ఆ వేళకు ఏ తండ్రి పేరున్నదో దానినే పెట్టెలో పెట్టి తాళము వేసిరి. తత్ఫలముగా నేడు డెన్మార్కులో నీల్సెన్, జెన్సెన్, హాన్సెన్ అను మూడు పేరులవారే జనసంఖ్యలో ఇంచుమించు పదియవ వంతు. కూతుళ్లును హాన్సు కుమారులే యైరి. ఐసులాండు దేశమువారు మాత్రము పాతపద్ధతి విడువలేదు. 1980లో వారి రాష్ట్రపతిగా ఎన్నికయైన విగ్డిస్ ఫిన్‌బోగాడోట్టిర్ అను నామె పేరునకు ఫిన్‌బోగి కూతురు విగ్డిస్ అని అర్థము. అచ్చట ఆడుది పెండ్లి చేసికొన్నను పేరు మార్చుకొనదు.

చదువరులారా, మా అల్లుని పాసుపోర్టు సంగతి యిదియే గదా! ఇన్నూఱేండ్ల క్రిందట డెన్మార్కు పల్లెలలో జరిగినది నేడు మన తెలుగు బిడ్డల కాగితములలో జరుగుచున్నది. ఒక గుమాస్తా నింపిన గడి, బడిలో కుదించిన పొడి యక్షరము, వంశము నామమును నిర్ణయించుచున్నవి. ఎవరును తీర్మానింపకుండ నొక తండ్రి పేరు తరతరములకు గడ్డకట్టుకొనిపోవును.

వృత్తులను బట్టి వచ్చిన పేరులు మూడవ తెగ. జర్మనీలో మ్యుల్లరు, ష్మిట్టు అను పేరులవారే అందఱికంటె ఎక్కువ. మొదటివాడు పిండిమఱవాడు, రెండవవాడు కమ్మరి. షుల్ట్సు అనగా గ్రామపెద్ద, మన పటేలు వంటివాడు. ఈ పేరు మనకు పరాయిది కాదు. డేనుల తరంగంబాడికి వచ్చి, తరువాత మదరాసులో తెలుగు నేర్చిన జర్మను మతబోధకుడు బెంజమిన్ షుల్ట్సు. ఆతని పూనికతోనే 1746 ప్రాంతమున హాలే నగరములో మన తెలుగుమాటలు మొట్టమొదట పుస్తకములుగా అచ్చుపడినవి. మా పిల్ల ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైను సీమలోనే బ్రెక్లుం అను గ్రామమున క్రిస్టియన్ జెన్సెన్ అను గురువు 1876లో నొక సంఘము స్థాపించెను. దానివారు 1882లో మన సాలూరునకు, కొరాపుట్టి కొండలకు వచ్చిరి. ఉత్తరసముద్రపు గాలి అప్పుడే మన ఏజెన్సీ గాలిని కలిసికొన్నది.

ఇచ్చట మాత్రము మనకును వారికిని నొక భేద మున్నది. దానిని దాచుట తగదు. కమ్మరి యను అర్థముగల పేరుతో జర్మనీలో న్యాయాధిపతి యుండవచ్చును, ప్రధాని యుండవచ్చును. ఎవరును ఆతని కొలిమిని వెదకరు. మన దేశమున అట్టి మాట పేరు ముందు పడినచో, అది వృత్తిని గాక పుట్టుకను చెప్పును. పుట్టుకను చెప్పుటయే గాక కూర్చుండవలసిన చోటును గూడ చెప్పును. విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను కాపాడుకొన్న ఐలమ్మ యింటిపేరు చిట్యాల. ఆ యింటిపేరు ఎందఱికి తెలియును? లోకము ఆమెను చాకలి ఐలమ్మ యనియే పిలిచినది. ఆమె తన శౌర్యముచే ఆ మాటకే గౌరవము తెచ్చినది. అబిడ్సునకు దగ్గఱనున్న కోఠి మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆ పేరే పెట్టిరి. ఐనను, దొరలకు ఇంటిపేరులును, పాటుపడువారికి కులపు పేరులును వ్రాసికొన్న పాత వాడుకకు ఆమె పేరు సాక్ష్యముగా నిలిచియున్నది.

నేను యౌవనమున నాంపల్లిలో అద్దెయిల్లు వెదకుచున్న దినములలో నొక గృహయజమాని నా ఉద్యోగము, జీతము అడుగుటకు ముందే "తమ యింటిపేరేమండీ?" అని అడిగెను. చెప్పితిని. అది ఊరి పేరు గనుక ఆయనకు చాలలేదు. రెండు మూడు కులములవారిలో ఆ యింటిపేరు గలదని ఆయనకు తెలియును. పిమ్మట తండ్రిగారి పేరు, దాని చివరి తోక, మేనమామ యింటిపేరు వరుసగా అడిగి, తాను వెదకినది దొరకిన పిదప, ఇల్లు ఖాళీ లేదని సెలవిచ్చెను. గోడమీద "అద్దెకు ఇవ్వబడును" అను పలక వ్రేలాడుచునే యుండెను. ఇంటిపేరు ఇల్లు చూపవలసినది; ఇల్లు లేకుండ చేయుటకు గూడ అది పనికివచ్చునని ఆ దినమున తెలిసికొంటిని. ఐతే ఇంకొకటియు తెలిసినది: నిజమైన ఇంటిపేరు కులము చెప్పదు. ఒక యూరినుండి బ్రాహ్మణుడును, కాపును, సాలెయు, మాలయు వలసపోయినచో నలువురికిని ఆ యూరే యింటిపేరగును. వారు కలిసి పంచుకొన్న బావినీటి వలె అది యందఱి సొత్తు. కులము చెప్పునది పేరు వెనుక తగిలించు తోక. హోల్‌స్టు తాత తగిలించుకొన్న "ఫన్" వంటిది.

స్త్రీల మాట యింకను మిగిలియున్నది. పెండ్లి యైన మఱునాడే ఆడుదాని యింటిపేరు మాఱినదని మనవారందురు. పేరు మార్చుకొనవలెనని మన చట్టము ఎచ్చటను నిర్బంధింపదు. ఇది యాచారము మాత్రమే. నార్వేలో 1923 నాటి శాసనము భార్య భర్తపేరు పుచ్చుకొనవలెనని విధించెను. తరువాతి కాలమున వారే దానిని దిద్దుకొనిరి. జర్మనీలో 2025 మే 1 వ తేదీనుండి అమలునకు వచ్చిన నామశాసనము, తలిదండ్రు లిరువురి పేరులును జంటగా బిడ్డకు పెట్టుటకు అనుమతించుచున్నది. నెపోలియను నిలిపించిన ఫ్రీసియనుల తండ్రిపేరు వాడుకను, దానితోపాటు తల్లిపేరు పెట్టుటను గూడ తిరిగి అంగీకరించినది. శాసనములు వంగుచుండగా మనము ఆచారమును గొయ్యవలె పట్టుకొని నిలుచుట ఎందులకు?

ఇవి యన్నియు తలపోసి మా పిల్లకు జాబు వ్రాసితిని. దాని సారాంశ మిది. "అమ్మా, ఇంటిపేరు దేవుడిచ్చినది కాదు, రక్తములోనిది కాదు. ఎవరో యొక పూర్వుడు ఊరు విడిచి నడచినపుడు, పొరుగువారు వానికి కట్టియిచ్చిన సద్దిమూట. నీవును నేడు అట్లే ఊరు విడిచియున్నావు. కావున దాని విలువ నీకు తెలియవలసినంతగా ఇచ్చటనున్న మాకు తెలియదు. మీ అత్తగారి యింటిపేరు ఊరి పేరే, మన యింటిపేరు ఊరి పేరే. ఒకటి రెండవదానికంటె ఎక్కువ కాదు. రెండింటిలో నేది పెట్టినను, రెండును కలిపి పెట్టినను మీ యిష్టము. కాని భార్యాభర్తలు కూర్చుండి తీర్మానింపుడు. గుమాస్తా గడికి ఆ యధికారము విడువకుడు. అక్షరముగా కుదింపక పూర్తిగా వ్రాయింపుడు. తోకలు తగిలింపకుడు. బిడ్డకు మాటలు వచ్చిన పిదప, ఆ యూరు ఎచ్చటనున్నదో పటములో చూపుడు."

ఆమె యింకను ప్రత్యుత్తరము వ్రాయలేదు. వారి నిర్ణయము వారిది. ఐనను, ఈ మాసపత్రిక చదువు ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును నా విన్నపమొకటి. బడిలో బిడ్డ పేరు మొదట ఎక్కించు దినమున ఒక్క నిమిషము ఆగుడు. ఇంటిపేరును నిండుగా, అక్షరదోషము లేకుండ వ్రాయింపుడు. ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను దాని యర్థము చెప్పుడు. ఆ పేరును మోయు ఊరికి ఒక్కసారి తీసికొనిపొండు. అచ్చట ఆ పేరుతో మిమ్మెవరును పిలువరు. ఏలయన అచ్చట అందఱును ఆ యూరివారే. ఆ యొక్క దినము బిడ్డ ఇంటిపేరు లేని మనుష్యుడుగా నలుగురిలో తిరిగివచ్చును. పేరును గూర్చి నేర్పదగిన పాఠములలో దానికంటె మేలైనది నాకు తెలిసినంతలో లేదు.